గ్యాస్ట్రిన్ పెరిగితే కణితి ఉన్నట్టేనా? జీర్ణనాళ హార్మోన్ల అంకెలను చదివే పద్ధతి

సంక్షిప్తంగా: జీర్ణనాళం స్రవించే హార్మోన్ల మోతాదు రోజంతా మారుతూనే ఉంటుంది. తిన్న ఆహారం, వాడుతున్న మందు, పొట్టలోని ఆమ్లం, రక్తంలోని చక్కెర ఎలా ఉన్నాయో తెలియకుండా రిపోర్టులోని అంకెను ఒంటరిగా చదివితే తప్పుడు నిర్ధారణకు వస్తాం. హార్మోన్లు స్రవించే కణితులు అరుదు. ఆగవలసిన పరిస్థితిలో కూడా హార్మోను ఆగకపోవడమే వాటి అసలు గుర్తు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల పుణ్యమా అని పేగు హార్మోన్ల గురించి ఇప్పుడు మామూలు సంభాషణల్లోనూ వినిపిస్తోంది. మరోపక్క గ్యాస్ట్రిన్, క్రోమోగ్రానిన్-ఎ లాంటి పరీక్షలు తేలిగ్గా చేయించుకోగలుగుతున్నారు. ఎసిడిటీ మాత్రలు ఏళ్ల తరబడి వాడుతున్న వ్యక్తి చేతికి ‘గ్యాస్ట్రిన్ 480, సాధారణ పరిమితి 100 లోపు’ అన్న రిపోర్టు వచ్చిందనుకుందాం. వెతికితే మొదట ఎదురయ్యే మాట గ్యాస్ట్రినోమా, అంటే గ్యాస్ట్రిన్‌ను స్రవించే కణితి. ఆ అంకె నుంచి ఆ నిర్ధారణకు చేరాలంటే మధ్యలో చాలా మెట్లు ఉన్నాయి. ఆ మెట్లు ఎందుకున్నాయో అర్థం కావాలంటే ఈ హార్మోన్లు ఎలా బయటపడ్డాయో, వాటికి పగ్గాలు ఎక్కడున్నాయో చూడాలి.

నాడులు తెంచినా ఊరిన క్లోమరసం

1902 జనవరిలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ మత్తులో ఉన్న కుక్క మీద ఒక ప్రయోగం చేశారు. చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు చివర్లా కట్టేసి, దానికి వెళ్లే నాడులను తెంచారు. రక్తనాళాలను మాత్రం అలాగే ఉంచారు. ఆ భాగంలోకి పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పంపితే క్లోమం నుంచి రసం కారడం మొదలైంది. జీర్ణరసాలు నాడుల ఆజ్ఞతోనే ఊరుతాయని ఇవాన్ పావ్లోవ్ బృందం గట్టిగా చెబుతున్న కాలమది. ఆమ్లాన్ని నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే క్లోమం స్పందించదని అప్పటికే తెలుసు. అంటే పేగు గోడ నుంచే ఏదో పదార్థం రక్తంలోకి చేరుతోందన్నమాట. పేగు లోపలి పొరను గీకి, ఇసుక, ఆమ్లం కలిపి నూరి, వడగట్టి, మెడ దగ్గరి సిరలోకి ఎక్కించగానే క్లోమరసం మళ్లీ ఊరింది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ‘హార్మోన్’ అనే పదాన్ని స్టార్లింగ్ 1905లో ప్రవేశపెట్టాడు.

ఈ ప్రయోగానికి బలం ఇచ్చింది దాని కట్టుదిట్టమే. నాడుల దారి మూసేశారు, ఆమ్లం నేరుగా పనిచేస్తుందన్న అనుమానం తీర్చేశారు, చివరికి మిగిలిన దారి రక్తం ఒక్కటే. ఇవాళ హార్మోను కణితుల కోసం చేసే పరీక్షల్లో నమ్మదగినవన్నీ ఇదే తీరులో నడుస్తాయి. ఒక పరిస్థితిని కావాలని సృష్టించి, హార్మోను దానికి ఎలా స్పందిస్తుందో చూస్తాయి.

గ్యాస్ట్రిన్ కథ ఇంత సాఫీగా సాగలేదు. పొట్ట చివరి భాగపు పొర నుంచి తీసిన సారం ఆమ్ల స్రావాన్ని పెంచుతుందని జాన్ ఎడ్కిన్స్ 1905లోనే చెప్పాడు. కానీ హిస్టమిన్ కూడా ఆమ్లాన్ని పెంచుతుందని, అది దాదాపు ప్రతి కణజాలంలోనూ ఉంటుందని ఆ తర్వాత తేలింది. దాంతో ఎడ్కిన్స్ చూసింది హిస్టమిన్ ప్రభావమేనని చాలామంది తేల్చేశారు. హిస్టమిన్ లేని సారం కూడా పనిచేస్తుందని 1938లో సైమన్ కొమరోవ్ చూపించాడు. 1964లో లివర్‌పూల్‌లో రోడ్రిక్ గ్రెగరీ, హిల్డా ట్రేసీ గ్యాస్ట్రిన్‌ను శుద్ధి చేసి చూపించాకే వాదం ముగిసింది. 17 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో చివరి నాలుగే అసలు పని చేస్తాయని కూడా తెలిసింది. ఎడ్కిన్స్ మాట నిజమని రుజువు కావడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది.

ఈలోగా 1955లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ సర్జన్లు రాబర్ట్ జొలింగర్, ఎడ్విన్ ఎలిసన్ ఇద్దరు రోగుల వివరాలు ప్రచురించారు. ఆపరేషన్ తర్వాత ఆపరేషన్ చేసినా వాళ్లకు చిన్నపేగులో, మామూలుగా పుండ్లు రాని చోట, పుండ్లు మళ్లీ మళ్లీ వచ్చాయి. ఆమ్లం విపరీతంగా ఊరేది. క్లోమంలో కణితి ఉంది, కానీ అది ఇన్సులిన్ స్రవించేది కాదు. ఆ కణితి నుంచి వెలువడే పదార్థమే కారణమై ఉండాలని వాళ్లు ఊహించారు. అలాంటి కణితి సారంలో గ్యాస్ట్రిన్‌ను పోలిన చర్య ఉందని 1960లో గ్రెగరీ బృందం చూపించింది. రక్తంలో ఈ హార్మోన్లను కొలవడం మాత్రం రోజలిన్ యాలో, సాల్మన్ బర్సన్ రూపొందించిన రేడియోఇమ్యునోఅస్సే వచ్చాకే వీలైంది. మిల్లీలీటరు రక్తంలో గ్రాములో లక్ష కోట్ల వంతు లెక్కన ఉండే పదార్థాన్ని పట్టుకునే పద్ధతి అది. దానికి యాలో 1977లో నోబెల్ బహుమతి అందుకుంది. బర్సన్ 1972లోనే చనిపోయాడు.

గ్యాస్ట్రిన్ పెరగడానికి రెండు వ్యతిరేక కారణాలు

ఆహారంలోని ప్రోటీన్ పొట్టలోకి రాగానే చివరి భాగంలోని జి కణాలు గ్యాస్ట్రిన్‌ను రక్తంలోకి వదులుతాయి. అది పొట్ట పైభాగంలోని ఇసిఎల్ కణాలను చేరి హిస్టమిన్ విడుదల చేయిస్తుంది. హిస్టమిన్ పెరైటల్ కణాలతో ఆమ్లం ఊరిస్తుంది. పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) బాగా పడిపోయాక పక్కనే ఉన్న డి కణాలు సొమాటోస్టాటిన్‌ను వదిలి జి కణాలను ఆపేస్తాయి. ఆమ్లం తగినంత ఊరిందన్న కబురే గ్యాస్ట్రిన్‌కు పగ్గం.

ఆ పగ్గం రెండు విధాలుగా తప్పుతుంది. మొదటిది, ఆమ్లమే లేకపోవడం. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి ప్రోటాన్ పంప్ మందులు వాడుతుంటే, లేదా దీర్ఘకాలిక వాపుతో పొట్ట లోపలి పొర క్షీణించి పెరైటల్ కణాలు పోతే, ఆగమని చెప్పే కబురు అందదు. జి కణాలు పూర్తి ఆరోగ్యంగా ఉండి గ్యాస్ట్రిన్‌ను పోస్తూనే ఉంటాయి. బి12 లోపంతో వచ్చే పెర్నీషియస్ రక్తహీనతలో గ్యాస్ట్రిన్ 1000 దాటడం అసాధారణం కాదు. రెండోది కణితి. ఆమ్లం ఎంత ఉన్నా దాన్ని లెక్కచేయకుండా గ్యాస్ట్రిన్ స్రవిస్తుంది. రిపోర్టులో అంకె రెండు సందర్భాల్లోనూ ఒకేలా ఉండవచ్చు. పొట్టలో పరిస్థితి మాత్రం పూర్తిగా తలకిందులు.

అందుకే గ్యాస్ట్రిన్ అంకెతో పాటు పొట్టలోని రసం పీహెచ్ కొలవాలి. ఎండోస్కోపీ చేసినప్పుడు రసాన్ని పీల్చి కొలవడానికి కొద్ది నిమిషాలు చాలు. అయినా చాలాచోట్ల మరచిపోయే మెట్టు ఇదే. పరగడుపు గ్యాస్ట్రిన్ మిల్లీలీటరుకు 1000 పికోగ్రాములు దాటి, పీహెచ్ 2 కంటే తక్కువ ఉంటే గ్యాస్ట్రినోమా నిర్ధారణ దాదాపు ఖాయం. అయితే పొట్ట నుంచి ఆహారం కిందికి దిగే దారి మూసుకుపోలేదనీ, పాత ఆపరేషన్‌లో పొట్ట చివరి భాగం ఆమ్లానికి దూరంగా మిగిలిపోలేదనీ తేల్చుకోవాలి. పీహెచ్ ఎక్కువగా ఉంటే, అది మందు ప్రభావం కాదని తెలిస్తే, పొర క్షీణతే కారణం.

చిక్కంతా మధ్యలో ఉన్నవాళ్లతో. గ్యాస్ట్రినోమా ఉన్నవాళ్లలో మూడింట రెండొంతుల మందికి గ్యాస్ట్రిన్ పరిమితికి పది రెట్ల లోపే ఉంటుంది. హెలికోబ్యాక్టర్ పైలోరీ ఇన్ఫెక్షన్, మూత్రపిండాల వైఫల్యం కూడా అదే శ్రేణిలో అంకెను పెంచుతాయి. వీళ్లకు సెక్రెటిన్ పరీక్ష చేస్తారు. రాత్రంతా పరగడుపుతో ఉంచి, ముందుగా రెండు శాంపిళ్లు తీస్తారు. శరీర బరువులో కిలోకు 0.4 మైక్రోగ్రాముల చొప్పున సెక్రెటిన్‌ను ఒక నిమిషంలో సిరలోకి ఇచ్చి, 2, 5, 10, 15, 20 నిమిషాలకు మళ్లీ రక్తం తీస్తారు. మామూలు జి కణాలు సెక్రెటిన్‌కు తగ్గుతాయి, లేదా కదలవు. గ్యాస్ట్రినోమా కణాల మీద సెక్రెటిన్ గ్రాహకాలు (హార్మోను వచ్చి అతుక్కునే అణువులు) ఉండటంతో అవి వెంటనే గ్యాస్ట్రిన్‌ను వదిలేస్తాయి. మొదటి స్థాయి మీద 120 పికోగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ పెరుగుదల కనిపిస్తే పరీక్ష పాజిటివ్. 1902లో దొరికిన తొలి హార్మోనే ఇప్పుడు వేరే హార్మోను కణితిని బయటపెట్టే సాధనం కావడం ఈ శాస్త్రంలో ఎంతో అందమైన మలుపు.

ఈ పరీక్షలోనూ తప్పులకు తావుంది. ఆమ్లం ఊరని పొట్ట ఉన్నవాళ్లలో కణితి లేకుండానే పాజిటివ్ రావచ్చు. మందు ఆపకుండా చేసినా ఇదే జరుగుతుంది. కాబట్టి మందు ఆపాలి, కానీ అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. నిజంగా గ్యాస్ట్రినోమా ఉన్నవాళ్లకు మందు ఒక్కసారిగా ఆగితే కొద్ది రోజుల్లోనే పుండు రక్తస్రావమయ్యే, పేగుకు చిల్లు పడే ముప్పు ఉంది. కడుపునొప్పో విరేచనాలో తీవ్రంగా ఉన్నవాళ్లలో, ఎండోస్కోపీలో పుండ్లు కనిపించినవాళ్లలో మందు ఆపే ప్రయత్నమే చేయకూడదు. మిగిలినవాళ్లలో పంప్ మందును కనీసం వారం ముందు ఆపి, ఆ స్థానంలో ఫామోటిడిన్ లాంటి హెచ్2 మందు ఇచ్చి, దాన్ని పరీక్షకు ఒక రోజు ముందు ఆపడం వాడుకలో ఉన్న పద్ధతి. ఇది ఈ కణితులతో అనుభవమున్న కేంద్రంలో, వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. రిపోర్టు చూసి భయపడి ఇంట్లో మాత్ర మానేసి మళ్లీ పరీక్ష చేయించుకోవడం మంచిది కాదు.

కిట్‌ల సంగతీ ఉంది. గ్యాస్ట్రిన్ రక్తంలో 17, 34 అమైనో ఆమ్లాల రూపాల్లోనూ, వాటి ముందటి రూపాల్లోనూ తిరుగుతుంది. కొన్ని కిట్‌లలోని యాంటీబాడీ 17 రూపాన్నే గుర్తిస్తుంది. పెద్ద రూపాలను ఎక్కువగా వదిలే కణితి ఉంటే అలాంటి కిట్ తక్కువ అంకె చూపిస్తుంది. లక్షణాలు బలంగా ఉండి అంకె మామూలుగా వస్తే వేరే పద్ధతిలో మళ్లీ కొలిపించడం సబబు.

గ్యాస్ట్రినోమాలు ఇప్పుడు క్లోమంలో కంటే చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం గోడలోనే ఎక్కువగా దొరుకుతున్నాయి. చాలావరకు సెంటీమీటరు కూడా ఉండవు, అందుకే మామూలు సీటీ స్కాన్‌కు అందవు. ప్రతి నాలుగైదు కేసుల్లో ఒకటి, పారాథైరాయిడ్‌తో సహా పలు గ్రంథుల్లో కణితులు తెచ్చే మెన్-1 అనే వంశపారంపర్య స్థితిలో భాగం. అందుకే నిర్ధారణ అయిన ప్రతి వ్యక్తికీ రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను కొలవాలి. కాల్షియం పెరిగితే కణితి మరింత గ్యాస్ట్రిన్ వదులుతుంది. పారాథైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గ్యాస్ట్రిన్ తగ్గడం కూడా చూస్తుంటారు.

హార్మోనే కణితిని పెంచినప్పుడు

పొట్టలో హార్మోను కణాల నుంచి పుట్టే చిన్న చిన్న కార్సినాయిడ్ గడ్డలు బయాప్సీలో దాదాపు ఒకేలా ఉంటాయి, వాటి భవిష్యత్తు మాత్రం వేరు. గ్యాస్ట్రిన్ ఇసిఎల్ కణాలతో పని చేయించడమే కాదు, వాటిని పెరిగేలా కూడా చేస్తుంది. పొర క్షీణించి ఆమ్లం లేక గ్యాస్ట్రిన్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే మొదటి రకం గడ్డలు వస్తాయి. ఎక్కువ భాగం ఇవే. అనేకంగా, చిన్నవిగా ఉంటాయి, పాకడం చాలా అరుదు, ఎండోస్కోపీతో తీసేసి గమనిస్తూ ఉంటే చాలు. గ్యాస్ట్రినోమా, మెన్-1 కలిసి ఉన్నవాళ్లలో వచ్చేవి రెండో రకం. గ్యాస్ట్రిన్ మామూలుగానే ఉండగా ఒంటరిగా వచ్చేది మూడో రకం, అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే. అంటే ఇక్కడ గ్యాస్ట్రిన్ ఎక్కువ ఉండటమే చాలావరకు ఊరటనిచ్చే కబురు. ఒక్క బయాప్సీ రిపోర్టుతో పెద్ద ఆపరేషన్‌కు సిద్ధపడే ముందు గ్యాస్ట్రిన్, పీహెచ్, చుట్టూ ఉన్న పొర బయాప్సీ చూడాల్సింది ఇందుకే.

ఇన్సులినోమా: చక్కెర పడిపోయినా ఆగని ఇన్సులిన్

ఇన్సులిన్ క్లోమపు హార్మోనే అయినా, ఈ కణితిని పట్టుకునే పద్ధతి మొత్తం రంగానికే పాఠం. 1927లో మేయో క్లినిక్‌లో చక్కెర పదేపదే పడిపోతున్న ఒక రోగి క్లోమంలో కణితి కనిపించింది. దాని సారాన్ని కుందేళ్లకు ఎక్కిస్తే వాటికీ చక్కెర పడిపోయింది. 1929లో టొరొంటోలో రాస్కో గ్రాహం ఇలాంటి కణితిని తీసేసి రోగిని పూర్తిగా బాగుచేశాడు. తర్వాత అలెన్ విపుల్ మూడు షరతులు పెట్టాడు. చక్కెర పడిపోయిన లక్షణాలు ఉండాలి, ఆ సమయంలోనే రక్తంలో చక్కెర తక్కువగా ఉండాలి, చక్కెర ఇవ్వగానే లక్షణాలు పోవాలి.

పరీక్ష 72 గంటల ఉపవాసం. ఆసుపత్రిలోనే చేస్తారు, నీళ్లు, చక్కెర లేని పానీయాలు ఇస్తారు. ఆరు గంటలకోసారి రక్తం తీసి, చక్కెర 60 మిల్లీగ్రాముల లోపుకు వచ్చాక గంటకో రెండు గంటలకో తీస్తారు. లక్షణాలతో పాటు చక్కెర 55 లోపుకు పడిపోయినప్పుడు ఇన్సులిన్ మిల్లీలీటరుకు 3 మైక్రోయూనిట్లు, సి-పెప్టైడ్ (శరీరం ఇన్సులిన్ తయారుచేసినప్పుడు దానితో పాటే విడుదలయ్యే ముక్క) 0.6 నానోగ్రాములు, ప్రోఇన్సులిన్ (ఇన్సులిన్ ముందటి రూపం) లీటరుకు 5 పికోమోల్‌లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే శరీరం లోపలే ఇన్సులిన్ అదుపు తప్పిందని అర్థం. ఇక్కడ 3 అనేది మామూలు రోజున ఎవరూ లెక్కచేయని అంకె. భోజనం చేసిన ఆరోగ్యవంతుడిలో ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. చక్కెర 50 దగ్గర ఉన్నప్పుడు ఇన్సులిన్ అసలు కనిపించకూడదు కాబట్టే ఆ కాస్తే నేరానికి సాక్ష్యం అవుతుంది.

కొవ్వు కరిగితే పుట్టే బీటా-హైడ్రాక్సీబ్యుటిరేట్ దీనికి మరో సాక్షి. ఇన్సులిన్ ఉన్నంతసేపు కొవ్వు కరగదు. చక్కెర పడిపోయినా ఈ పదార్థం లీటరుకు 2.7 మిల్లీమోల్‌ల లోపే ఉంటే ఇన్సులిన్ పనిచేస్తున్నట్టే. ఇన్సులిన్ ఎక్కువగా, సి-పెప్టైడ్ తక్కువగా ఉంటే ఎవరో బయటి నుంచి ఇన్సులిన్ ఇచ్చారు. రెండూ ఎక్కువగా ఉంటే కణితి కావచ్చు, సల్ఫోనైల్‌యూరియా మధుమేహ మాత్రల ప్రభావమూ కావచ్చు. అందుకే ఆ మాత్రల కోసం రక్తాన్ని విడిగా పరీక్షించకుండా ఆపరేషన్ దాకా వెళ్లకూడదు.

శాంపిల్ చెడిపోవడం కూడా తరచూ జరుగుతుంది. రక్తకణాలు ట్యూబులోనే చక్కెరను వాడుకుంటాయి కాబట్టి, దాన్ని అడ్డుకునే ఫ్లోరైడ్ లేని ట్యూబును గంటల తరబడి అలా వదిలేస్తే లేని హైపోగ్లైసీమియా (చక్కెర పడిపోవడం) కనిపిస్తుంది. ఎర్రకణాలు పగిలితే వాటిలోని ఎంజైమ్ ఇన్సులిన్‌ను విరిచి అంకెను తగ్గిస్తుంది. వేలికొనలో గుచ్చి చూసే గ్లూకోమీటర్ తక్కువ స్థాయిల్లో నమ్మదగింది కాదు, పరీక్ష ఆపాలా వద్దా అన్నది ల్యాబ్ అంకె మీదే తేల్చాలి.

సెరటోనిన్, కాలేయం అనే అడ్డుగోడ

చిన్నపేగులో నెమ్మదిగా పెరిగే కణితులకు జీగ్‌ఫ్రీడ్ ఒబెర్న్‌డోర్ఫర్ 1907లో కార్సినాయిడ్ అని పేరు పెట్టాడు. క్యాన్సర్‌ను పోలినది అని దాని అర్థం. అవి పాకగలవని 1929లో ఆయనే సవరించుకున్నాడు, కానీ నిరపాయకరమైనవన్న భావన చాలాకాలం పోలేదు. వాటిలో సెరటోనిన్ అనే హార్మోను ఉందని 1953లో ఫ్రెడ్ లెంబెక్ చూపించాడు.

పేగులో కణితి ఎంత సెరటోనిన్ వదిలినా ఆ రక్తం ముందు కాలేయంలోకి వెళ్తుంది, అక్కడే అది విరిగిపోతుంది. అందువల్ల కణితి కాలేయానికి పాకి, సెరటోనిన్ నేరుగా గుండె వైపు వెళ్లే రక్తంలో కలిసేదాకా ముఖం ఎర్రబడటం, విరేచనాలు, పిల్లికూతలు సాధారణంగా మొదలవవు. గుండెలో కుడివైపు కవాటాలు బిరుసెక్కి చెడిపోవడం, ఎడమవైపువి చాలావరకు తప్పించుకోవడం కూడా ఈ దారి వల్లే. మధ్యలో ఊపిరితిత్తులు మిగిలిన సెరటోనిన్‌ను విరిచేస్తాయి. ఇంకో దెబ్బ కూడా ఉంది. మామూలుగా ఆహారంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంలో సుమారు ఒక్క శాతమే సెరటోనిన్‌గా మారుతుంది. పెద్ద కణితులు అందులో సగానికి పైగా లాగేసుకుంటాయి. నియాసిన్ అనే బి విటమిన్ తయారీకి ట్రిప్టోఫాన్ మిగలక పెల్లాగ్రా, అంటే ఎండ తగిలే చోట చర్మం పొలుసులు కట్టడం, మతిమరుపు, విరేచనాలు వస్తాయి.

సెరటోనిన్ విరిగాక మిగిలే 5-హెచ్ఐఏఏను 24 గంటల మూత్రంలో కొలుస్తారు. అరటి, అనాస, వాల్‌నట్, టొమాటో, అవకాడో, కివీ లాంటివి ఆ అంకెను ఉత్తినే పెంచుతాయి కాబట్టి సేకరణకు ముందు రెండు మూడు రోజులూ, సేకరణ రోజునా మానేయాలి. పెద్దపేగు చివర, మలాశయంలో వచ్చే కార్సినాయిడ్‌లు సెరటోనిన్‌ను దాదాపు తయారుచేయవు. వాటిని ఈ పరీక్షతో వెతకడం వృథా.

విరేచనాలే లక్షణమైన రెండు కణితులు

1958లో జాన్ వెర్నర్, ఆష్టన్ మోరిసన్ వర్ణించిన మరో కణితి విఐపి అనే హార్మోను వదులుతుంది. రోజుకు మూడు లీటర్లు దాటే నీళ్ల విరేచనాలు, పొటాషియం ప్రమాదకరంగా పడిపోవడం దాని లక్షణాలు. కలరా విషం పేగు కణాల్లో పెంచే సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థాన్నే ఇదీ పెంచుతుంది. గ్యాస్ట్రినోమాలోనూ విరేచనాలుంటాయి, కానీ కారణం వేరు. పేగులోకి వరదలా దిగిన ఆమ్లం కొవ్వును అరిగించే ఎంజైమ్‌ను పనికిరాకుండా చేస్తుంది. కాబట్టి ముక్కు గొట్టంతో పొట్టలోని రసాన్ని లాగేస్తే గ్యాస్ట్రినోమా విరేచనాలు ఆగుతాయి, విఐపివి ఆగవు. ఉపవాసంతోనూ విఐపి విరేచనాలు ఆగవు. మలంలోని సోడియం, పొటాషియం మొత్తానికి రెట్టింపును 290 నుంచి తీసేస్తే 50 కంటే తక్కువ మిగలడం ఇలాంటి స్రావక విరేచనాల గుర్తు. విఐపి శాంపిల్‌ను విరేచనాలు అవుతున్నప్పుడే తీసి, చల్లగా ఉంచి, వెంటనే ప్లాస్మాను వేరుచేయాలి. తేరుకున్న రోజున తీస్తే అంకె మామూలుగా రావచ్చు.

క్రోమోగ్రానిన్-ఎ: ఎక్కువగా వాడే, ఎక్కువగా పొరబడే పరీక్ష

హార్మోన్లను నింపుకునే సంచుల్లో క్రోమోగ్రానిన్-ఎ అనే ప్రోటీన్ ఉంటుంది. ఏ హార్మోను కణితి అయినా దీన్ని వదిలే అవకాశం ఉంది కనుక అన్నిటికీ ఒకే సూచికగా పేరుపడింది. అదే దాని బలహీనత కూడా. ఎసిడిటీ మాత్ర గ్యాస్ట్రిన్‌ను పెంచుతుంది, గ్యాస్ట్రిన్ ఇసిఎల్ కణాలను పెంచుతుంది, అవి క్రోమోగ్రానిన్‌ను వదులుతాయి. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోయినా అది రక్తంలో పేరుకుంటుంది. కణితి ఉందో లేదో కనుక్కోవడానికి ఇది సరిపోదు. ఇప్పటికే నిర్ధారణ అయిన వ్యక్తిలో, అదే ల్యాబ్, అదే కిట్, అవే మందులు ఉన్నప్పుడు మార్పును గమనించడానికి కొంత పనికొస్తుంది.

‘ఫంక్షనల్’ అన్న మాట కూడా గందరగోళం పుట్టిస్తుంది. క్లోమంలోని న్యూరోఎండోక్రైన్ (హార్మోను కణాల నుంచి పుట్టే) కణితుల్లో ఎక్కువ భాగం ఏ హార్మోను లక్షణాలూ కలిగించవు. బయాప్సీ రంగుపరీక్షలో గ్యాస్ట్రిన్ కనిపించినంత మాత్రాన అది గ్యాస్ట్రినోమా కాదు. హార్మోను రక్తంలోకి వచ్చి శరీరాన్ని ఇబ్బంది పెట్టినప్పుడే ఆ పేరు చెల్లుతుంది.

నోటి ద్వారా చక్కెర, సిర ద్వారా చక్కెర

బరువు తగ్గించే ఇంజెక్షన్ల మూలం కూడా రెండు పరిస్థితులను పోల్చి చూసే పద్ధతిలోనే ఉంది. రక్తంలో చక్కెర ఒకేలా పెరిగేలా చూసినా, సిరలోకి ఇచ్చిన గ్లూకోజ్ కంటే నోటి ద్వారా ఇచ్చిన గ్లూకోజ్ ఎక్కువ ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుందని 1964లో తేలింది. ఆ తేడాకు పేగు నుంచి వచ్చే జిఐపి, జిఎల్‌పి-1 అనే హార్మోన్లు కారణమని తర్వాతి రెండు దశాబ్దాల్లో తెలిసింది. జిఎల్‌పి-1 రక్తంలో రెండు నిమిషాలు నిలవడమే కష్టం, డిపిపి-4 అనే ఎంజైమ్ విరిచేస్తుంది. గిలా మాన్‌స్టర్ అనే బల్లి విషంలో జాన్ ఎంగ్ కనుగొన్న ఎక్సెండిన్-4 జిఎల్‌పి-1 లాగే పనిచేస్తుంది, కానీ ఆ ఎంజైమ్‌కు లొంగదు. దాని రూపమే 2005లో అమెరికాలో అనుమతి పొందిన ఎక్సెనటైడ్. ఇప్పటి బరువు తగ్గించే ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లుటైడ్ అర్ధాయువు (రక్తంలో సగానికి తగ్గే సమయం) సుమారు వారం.

ఈ తరగతిలోని చాలా మందుల పెట్టెల మీద థైరాయిడ్ కణితి హెచ్చరిక చూసి, అవి పేగు హార్మోను కణితులు తెస్తాయని కొందరు అనుకుంటున్నారు. ఆ హెచ్చరిక ఎలుకల థైరాయిడ్‌లోని సి కణాల మీద చేసిన అధ్యయనాల నుంచి వచ్చింది. ఆ సి కణాల నుంచి పుట్టే మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు, కుటుంబంలో ఉన్నవాళ్లకు, మెన్-2 అనే మరో వంశపారంపర్య స్థితి ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. గ్యాస్ట్రినోమా, ఇన్సులినోమాలతో ముడిపడినది మెన్-1. రెండింటి జన్యువులు వేరు, దెబ్బతినే గ్రంథులూ చాలావరకు వేరు.

పగ్గాన్నే మందుగా మార్చడం

1973లో రోజర్ గియ్‌మాఁ ప్రయోగశాలలో సొమాటోస్టాటిన్ దొరికింది. పేగులో దాదాపు ప్రతి హార్మోనునూ ఆపే హార్మోను ఇది. రెండు మూడు నిమిషాల్లో విరిగిపోవడంతో మందుగా పనికిరాలేదు. పని చేసే భాగాన్ని మాత్రం ఉంచి, ఎనిమిది అమైనో ఆమ్లాలతో 1980ల ఆరంభంలో తయారైన ఆక్ట్రియోటైడ్ గంటన్నర పైగా నిలుస్తుంది. ఇప్పుడు నెలకోసారి ఇచ్చే రూపం వాడుకలో ఉంది. దీని దుష్ప్రభావాలు కూడా శరీరధర్మం నుంచే వస్తాయి. కొలెసిస్టోకైనిన్ అనే పేగు హార్మోను ఆగిపోతే పిత్తాశయం ముడుచుకోదు, రాళ్లు ఏర్పడతాయి. క్లోమ ఎంజైమ్‌లు తగ్గి మలంలో కొవ్వు పోతుంది. ఇన్సులినోమాలో కొందరికి ఇది ఇన్సులిన్ కంటే, చక్కెరను పెంచే గ్లూకగాన్‌నే ఎక్కువగా అణచి చక్కెరను ఇంకా పడేస్తుంది. అందుకే ఆ కణితిలో మొదటి మోతాదు పర్యవేక్షణలోనే ఇస్తారు.

లక్షణాలు తగ్గించడానికి వచ్చిన ఈ మందు కణితి పెరుగుదలనూ నెమ్మదింపజేస్తుందని 2009లో ప్రోమిడ్ అధ్యయనం చూపింది. చిన్నపేగు కణితుల్లో వ్యాధి ముదిరే వరకు పట్టిన మధ్యస్థ కాలం 6 నెలల నుంచి 14.3 నెలలకు పెరిగింది. కణితి మీది సొమాటోస్టాటిన్ గ్రాహకానికి అతుక్కునే ఇలాంటి అణువుకే రేడియోధార్మిక గాలియం-68 తగిలిస్తే పెట్ స్కాన్‌లో కణితి వెలుగుతుంది, లుటీషియం-177 తగిలిస్తే కణితి లోపలే రెండు మిల్లీమీటర్ల మేర రేడియేషన్ చేరుతుంది. 7.4 గిగాబెక్వరెల్‌ల చొప్పున ఎనిమిది వారాలకోసారి నాలుగు మోతాదులు ఇస్తారు. మూత్రపిండాలను కాపాడటానికి లైసిన్, ఆర్జినిన్ ద్రావణం కలిపి ఎక్కిస్తారు. 2017లో వెలువడిన నెట్టర్-1 అధ్యయనం ఫలితాల్లో 20 నెలల నాటికి వ్యాధి ముదరనివారు 65.2 శాతం, పోల్చిన బృందంలో 10.8 శాతం. అయితే మొత్తం ఆయుర్దాయంలో చివరికి కనిపించిన తేడా, 48 నెలలు, 36.3 నెలలు, గణాంకపరంగా నిలబడలేదు. పోల్చిన బృందంలో చాలామంది తర్వాత ఇదే తరహా చికిత్స తీసుకోవడం దానికి ఒక కారణం. ఈ చికిత్సను మొదటి నుంచే ఇస్తే ఎలా ఉంటుందని చూసిన నెట్టర్-2లో, 2024లో, వ్యాధి ముదిరే వరకు పట్టిన మధ్యస్థ కాలం 8.5 నెలల బదులు 22.8 నెలలు వచ్చింది.

ఈ కణితులు ఎక్కువవుతున్నాయన్న మాటలోనూ జాగ్రత్త అవసరం. అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీలో లక్ష మందికి 1973లో 1.09గా ఉన్న కొత్త కేసుల రేటు 2012 నాటికి 6.98కి చేరింది. పెరుగుదల ఎక్కువగా తొలిదశ కణితుల్లోనే ఉంది. ఎండోస్కోపీలు, స్కాన్‌లు పెరగడం వల్ల వేరే కారణంతో చూసినప్పుడు బయటపడుతున్నవి వీటిలో చాలా ఉన్నాయి.

చికిత్స ఎంపిక మాత్రం హార్మోను అంకె మీద కాక కణితి స్వభావం మీద ఆధారపడుతుంది. విభజన చెందుతున్న కణాల శాతాన్ని చెప్పే కెఐ-67 సూచిక 3 లోపు ఉంటే మొదటి గ్రేడ్, 3 నుంచి 20 వరకు రెండో గ్రేడ్, 20 దాటితే మూడో గ్రేడ్. కణాల రూపమే చెదిరిపోయిన న్యూరోఎండోక్రైన్ కార్సినోమా వీటికి పూర్తిగా వేరు, దానికి కీమోథెరపీయే ఆధారం. గాలియం స్కాన్‌లో వెలగని గడ్డలు చక్కెర ఆధారిత ఎఫ్‌డిజి స్కాన్‌లో వెలిగితే గ్రాహకం లేని, వేగంగా పెరిగే కణాలు అక్కడ ఉన్నాయని అర్థం. అలాంటి చోటికి లుటీషియం చేరదు. అందుకే ఎక్కువ గ్రేడ్ కణితుల్లో చికిత్స మొదలుపెట్టే ముందు రెండు స్కాన్‌లనూ పక్కపక్కన పెట్టి గడ్డ వెంట గడ్డ పోల్చి చూస్తారు.